"రేపు ఏ వ్యాన్ వస్తుంది?" అని రోజుకు 40సార్లు అడిగే బాబు గురించి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు 8 ఏళ్ళు, ఆటిజం అని నాలుగో ఏట తేల్చారు, మాటలు బాగానే వచ్చు, మారతహళ్ళి దగ్గర స్కూలు. దసరా సెలవుల తర్వాత స్కూలు వ్యాన్ మారింది, డ్రైవరూ మారాడు. అప్పట్నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడు, "రేపు ఏ వ్యాన్ వస్తుంది?" అని రోజంతా అడుగుతూనే ఉన్నాడు, వారంలో రెండు రోజులు స్కూలుకే వెళ్ళడం లేదు. అత్తగారు దిష్టి తీస్తున్నారు, మీవారేమో గారాబం ఎక్కువైంది, గట్టిగా ఉండాలంటున్నారు, తెలిసినవాళ్ళెవరో మందు మొదలుపెట్టమన్నారు. స్కూలు కొన్నాళ్ళు మాన్పించాలా, మందు వాడాలా అని మీరు అడిగారు. రెంటికీ చెప్తాను కానీ చివర్లో, ఎందుకంటే వాటికన్నా ముందు చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి.

నా గురించి ఒక్క మాట. మాది అనంతపురం, బెంగళూరు వచ్చి 22 ఏళ్ళయింది. మా అబ్బాయికి ఇప్పుడు 19, వాడిదీ ఆటిజమే. వాడి కోసమని స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ చేశాను, 11 ఏళ్ళుగా ఇలాంటి పిల్లలతోనే నా పని. డాక్టర్ని కాను. కాబట్టి మందుల దగ్గర నాకు తెలిసినంతవరకే చెప్పి ఆగిపోతాను.

ముందు ఆ కడుపునొప్పి సంగతి. టెన్షన్ వల్ల నిజంగానే కడుపు నొప్పి వస్తుంది, వాడు నాటకం ఆడటం లేదు. కానీ టెన్షనే అని మీరే తేల్చుకోకుండా ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. ఈ పిల్లల్లో మోషన్ సరిగ్గా అవ్వకపోవడం చాలా మామూలు, పైగా చెవిపోటు, పిప్పిపన్ను లాంటివి ఉన్నా ఎక్కడ నొప్పో సరిగ్గా చెప్పలేరు. మా వాడు ఒక ఎండాకాలమంతా తల గోడకు కొట్టుకున్నాడు, మేమంతా ప్రవర్తన అనుకుని చార్టులు రాసుకుంటూ కూర్చున్నాం, తీరా చూస్తే దవడ పన్ను పుచ్చిపోయింది. ఆ చార్టు ఇప్పటికీ నా దగ్గరుంది, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

నొప్పి లేదని తేలాక అసలు విషయానికి రండి. మీవారికి చెప్పండి, ఇది గారాబం కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఆటిజం గురించి లియో కానర్ 1943లో మొదటిసారి వివరంగా రాసినప్పుడే, తను చూసిన 11 మంది పిల్లల్లో అన్నీ ఎప్పుడూ ఒకేలా ఉండాలనే తపన, అది తప్పితే కలిగే ఆందోళన కనిపించాయని రాశాడు. 80 ఏళ్ళ తర్వాత కూడా పెద్దగా మారిందేమీ లేదు. ఆటిజం ఉన్న పిల్లల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2011లో లెక్క చూస్తే, దాదాపు 40 శాతం మందిలో డాక్టర్లు జబ్బుగా గుర్తించే స్థాయిలో ఏదో ఒక ఆందోళన సమస్య ఉందని తేలింది. అంటే మీ వాడొక్కడే కాదు, నా దగ్గరకొచ్చే పది మందిలో నలుగురైదుగురి కథ ఇదే. ఈ భయాల్లో చాలావాటికి వేరు ఒక్కటే, తర్వాత ఏమవుతుందో తెలియకపోవడం. మనకు వ్యాన్ మారితే వ్యాన్ మారింది, అంతే. వాడికి మాత్రం పొద్దున్న 7:40కి జరగాల్సింది జరగలేదు, అలాంటప్పుడు 8 గంటలకు స్కూలు ఉంటుందని నమ్మకమేంటి, సాయంత్రం అమ్మ ఇంట్లో ఉంటుందని నమ్మకమేంటి? వాడి బుర్రలో ఒక్క ఇటుక కదిలితే గోడంతా ఊగుతుంది.

అందుకని మీరు చెయ్యాల్సిన పని, వాడి భయాలన్నీ తీసెయ్యడం కాదు, భయం పోవాలని బలవంతంగా వ్యాన్‌లోకి తోసెయ్యడమూ కాదు. ముందేం జరుగుతుందో వాడికి కళ్ళకు కనబడేట్టు చెయ్యాలి. అది కుదురుకున్నాక, తెలియకపోవడం అనేదాన్ని కూడా చిన్న చిన్న ముద్దలుగా అలవాటు చెయ్యాలి. మొదటిది చాలామంది చేస్తారు, రెండోది వదిలేస్తారు, అందుకే పిల్లాడు టైంటేబుల్ ఉన్నంతసేపు బాగుండి అది చిరిగిన రోజు మళ్ళీ మొదటికొస్తాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళ గురించి ఒకటి చెప్పాలి. మనం మాట్లాడే మాటల్లో సగం ఈ పిల్లలకు విషమండీ. "చూద్దాంలే" అంటాం, అంటే అవునో కాదో వాడికెలా తెలుస్తుంది? "రెండు నిమిషాల్లో వస్తా" అని గంటకొస్తాం. "అల్లరి చేస్తే పోలీసుకి పట్టిస్తా", "బూచాడొస్తాడు", కోపమొస్తే "చంపేస్తా నిన్ను" అంటాం, మామూలు పిల్లలు నవ్వేసి పారిపోతారు, వీళ్ళు దాన్ని అక్షరాలా నమ్మి రాత్రంతా మేలుకుంటారు. మా ఆడపడుచు ఒకసారి గుంటూరు బయల్దేరుతూ అలవాటుగా "వెళ్ళొస్తా నాన్నా" అంది. వెళ్తున్నా అనకూడదు కదా మన దగ్గర. మా వాడు రాత్రి తొమ్మిదిదాకా గుమ్మంలో కూర్చున్నాడు, ఎందుకురా అంటే "అత్త వెళ్ళింది, వస్తుంది" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో "అత్త ఇప్పుడు వెళ్తుంది, మళ్ళీ సంక్రాంతికి వస్తుంది" అని చెప్పే పద్ధతి పెట్టుకున్నాం. మా అత్తగారికి అపశకునంగా అనిపించింది కానీ సర్దుకుంది. మీరూ ఒక వారం మీ ఇంట్లో ఎవరు ఎన్నిసార్లు "చూద్దాం" అంటున్నారో లెక్కపెట్టి చూడండి.

ఇప్పుడు ఆ 40సార్లు అడిగే ప్రశ్న. వాడు అడుగుతాడు, మీరు జవాబు చెప్తారు, వాడికి రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, మళ్ళీ లోపల గుబులు మొదలవుతుంది, మళ్ళీ అడుగుతాడు. దురద పెట్టిన చోట గోక్కున్నట్టే. గోకితే ఆ క్షణానికి తగ్గుతుంది, దురద మాత్రం పెరుగుతుంది. మీరు ఎంత ఓపిగ్గా, ఎంత ప్రేమగా 40సార్లు జవాబు చెప్తే అంత ఎక్కువగా గోకినట్టు. అలాగని "ఇంక అడగొద్దు" అని నోరు మూయిస్తే చెయ్యి కొరుక్కోవడం పెరుగుతుంది, ఎందుకంటే గుబులు బయటికొచ్చే దారి ఇంకొకటి వెతుక్కుంటుంది.

మేం చేసేది ఇది. ఒక అట్టముక్క మీద, వాడికి చదవడం వస్తే అక్షరాల్లో, రాకపోతే ఫోటోలతో, జవాబు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాం. "రేపు తెల్ల వ్యాన్ వస్తుంది. కొత్త అంకుల్ నడుపుతారు. వ్యాన్ మారితే స్కూలువాళ్ళు అమ్మకు ఫోన్ చేస్తారు. అమ్మ నాకు చెప్తుంది." ఆ చివరి రెండు ముక్కలు మర్చిపోకండి, అందరూ అక్కడే తప్పు చేస్తారు. "రేపు తెల్ల వ్యానే వస్తుంది, ఒట్టు" అని రాస్తే, అది పాడై నల్లది వచ్చిన రోజు మీ మాట మీద నమ్మకం మొత్తం పోతుంది. మారొచ్చు, మారితే ఇలా జరుగుతుంది అని నిజం రాయాలి. వాడు మొదటిసారి అడిగినప్పుడు నోటితో చెప్పండి. రెండోసారి నుంచి మాట్లాడకుండా, విసుగు లేకుండా అట్ట వైపు చూపించండి, లేదా "అట్ట మీద ఏముంది?" అనండి, వాడే చదవాలి. సాయంత్రం ఏడింటికి ఒక పది నిమిషాలు వ్యాన్ గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు అని టైం పెట్టండి. మొదటి నాలుగైదు రోజులు ప్రశ్నలు తగ్గకపోగా పెరుగుతాయి, అరుపులు కూడా రావచ్చు, అక్కడ చేతులెత్తేస్తే మొత్తం వృథా. అందరికన్నా ముఖ్యం నాన్నమ్మ. మీరు అట్ట చూపించాక వాడు వంటింట్లోకి వెళ్ళి ఆవిడనడిగితే ఆవిడ ముద్దుగా 15సార్లు చెప్తే ఇంక అట్ట ఎందుకు? ఆవిడకు పని ఇవ్వండి, అట్ట మీద రోజూ తేదీ మార్చే బాధ్యత ఆవిడదే అనండి. పెద్దవాళ్ళను వద్దని పక్కకు పెడితే రహస్యంగా జవాబులు చెప్తారు, నా అనుభవం.

ఒక జాగ్రత్త. మళ్ళీ మళ్ళీ అడిగే ప్రతి ప్రశ్నా భయం కాదు. కొన్ని వాళ్ళకు ఆ జవాబు వినడం ఇష్టమై అడుగుతారు. కొన్ని మనతో మాట్లాడాలని, ఎలా మొదలుపెట్టాలో తెలీక అడుగుతారు. ఒంటిని చూడండి. భుజాలు వదులుగా ఉండి, ముఖంలో నవ్వుంటే అది కబుర్లు, కూర్చుని కబుర్లు చెప్పండి. పిడికిలి బిగించి, మీ నోటి నుంచి ఒకే వాక్యం అదే గొంతుతో రావాలని పట్టుబడుతుంటే అది గుబులు.

అసలు వీళ్ళను "భయంగా ఉందా?" అని అడిగి లాభం లేదు. చాలామందికి లోపల ఏం జరుగుతోందో గుర్తుపట్టి దానికి పేరు పెట్టడం కష్టం. గుండె కొట్టుకోవడం తెలుస్తుంది, అది భయమని తెలియదు. మీరే గుర్తులు పట్టుకోవాలి. ఒక్కో పిల్లాడికి ఒక్కో రకం. కొందరు చెవులు మూసుకుంటారు, కొందరు మునివేళ్ళ మీద నడక పెంచుతారు, మాటిమాటికీ బాత్రూంకి వెళ్తారు, కొందరు అస్సలు సందర్భం లేకుండా పకపకా నవ్వుతారు, దాన్ని చూసి టీచర్లు పొగరనుకుంటారు. రెండు వారాలు గోడ క్యాలెండర్ మీద రాయండి, ఏ గుర్తు కనిపించింది, దానికి ముందు పావుగంటలో ఏం జరిగింది. అంతే, పెద్ద పెద్ద ఫారాలు వద్దు.

దానికి తోడు వాడికే ఒక కొలబద్ద ఇవ్వాలి. 1 నుంచి 5 అంకెలతో చేసే చార్టులు అందరూ వాడతారు, మంచివే, కానీ మీ వాడికి మెట్రో పిచ్చి అని రాశారు కదా, ఇంకేం కావాలి! నా దగ్గర ఒక అమ్మాయి ఉంది, పర్పుల్ లైన్ స్టేషన్లన్నీ కంఠతా చెప్తుంది. తనకు మేం కొలబద్ద అలాగే చేశాం. ఇందిరానగర్ అంటే హాయిగా ఉన్నట్టు, హలసూరు అంటే కొంచెం గుబులు, ట్రినిటీ అంటే ఒళ్ళు బిగుస్తోంది, ఎంజీ రోడ్ అంటే ఇంక ఆగలేను, కబ్బన్ పార్క్ అంటే దిగిపోవాలి, కాసేపు చెట్టు కింద కూర్చోవాలి. "ఏ స్టేషన్లో ఉన్నావ్?" అంటే టక్కున చెప్తుంది. మొన్న క్లాసులో ఎవరూ అడక్కుండానే టీచర్ దగ్గరకెళ్ళి "ట్రినిటీ దాటింది" అందట. టీచర్‌కి అర్థమై బయట వరండాలో ఐదు నిమిషాలు కూర్చోనిచ్చింది. ట్రినిటీ దగ్గర పట్టుకుంటే పని జరుగుతుంది, కబ్బన్ పార్క్ దాకా వెళ్ళాక మన చేతిలో ఏమీ ఉండదు.

గాలి పీల్చుకోవడం, ఊదడం లాంటివి అందరూ చెప్తారు. హాయిగా ఉన్నప్పుడు రోజూ సాధన చేయించకపోతే గోల మొదలయ్యాక "డీప్ బ్రీత్ తీసుకో" అంటే వాడు మిమ్మల్నే కొడతాడు. మా వాడికి రాత్రి పాలు చల్లార్చేటప్పుడు నేర్పాను, మెల్లగా, మీగడ కదిలేంత ఊదాలి. ఇప్పటికీ బస్సులో జనం ఎక్కువైతే ఖాళీ అరచేయి నోటి ముందు పెట్టుకుని పాలు ఊదినట్టు ఊదుకుంటాడు. కొందరికి గట్టిగా అదిమి పట్టుకుంటే నెమ్మదిస్తుంది. టెంపుల్ గ్రాండిన్ అని అమెరికాలో పేరున్న ఆటిస్టిక్ శాస్త్రవేత్త, 18 ఏళ్ళ వయసులోనే తనను తాను అదుముకోడానికి ఒక యంత్రం చేసుకుంది. అయితే కొందరికి ముట్టుకుంటేనే మంట, కాబట్టి అడిగి చెయ్యండి. వేలు పోసి బరువు దుప్పట్లు కొనకండి. నిద్ర కోసం ఆ దుప్పట్ల మీద చేసిన 2014 నాటి పరిశోధనలో నిద్రేమీ పెరగలేదు, పిల్లలకు మాత్రం నచ్చింది. ఇంట్లో పాత బొంత ఉంటే అది చాలు.

శబ్దాల గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు కానీ నాకు అది పెద్దదనిపించింది. కుక్కర్ విజిల్‌కి బాల్కనీలోకి పారిపోతాడన్నారు. మా వాడు మూడేళ్ళు అలాగే చేశాడు. చెవికి బాధ అనుకుని కుక్కరే మానేశాను, అన్నం గిన్నెలో వార్చాను. తర్వాత ఒకరోజు గమనించాను, కుక్కర్‌కన్నా గట్టిగా అరిచే మిక్సీ దగ్గర, స్విచ్ వాడి చేతికిస్తే, నవ్వుతూ నిలబడ్డాడు! శబ్దం కాదు వాడి బాధ, ఆ విజిల్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. అప్పుడు పద్ధతి మార్చాం. పప్పుకు మూడు విజిల్స్ అని కాగితం మీద మూడు గీతలు, విజిల్ వచ్చినప్పుడల్లా వాడు ఒకటి కొట్టెయ్యాలి. మొదట హాల్లోంచి, తర్వాత వంటింటి గుమ్మం నుంచి, తర్వాత లోపల. నాలుగు నెలలు పట్టింది. మూడో విజిల్‌కి స్టవ్ కట్టేసే ఉద్యోగం ఇప్పుడు వాడిదే, నేను మర్చిపోయినా వాడు మర్చిపోడు. కానీ మాల్స్‌లో చేతులు ఆరబెట్టే మెషీన్ ఉంటుంది చూడండి, అది నిజంగానే వాడి చెవికి నొప్పి. ఎన్ని మెట్లు కట్టినా తగ్గలేదు. 19 ఏళ్ళొచ్చినా చేతులు ప్యాంటుకే తుడుచుకుంటాడు. తుడుచుకోనీ! భయమైతే మెల్లగా అలవాటు చెయ్యాలి, నొప్పైతే తప్పించాలి లేదా చెవులకు మఫ్ (శబ్దం తగ్గించే చెవి కప్పులు) పెట్టాలి. ఈ రెండూ కలిపేస్తే పిల్లాణ్ణి హింసించినట్టే. దీపావళికి, వినాయక నిమజ్జనం డప్పులకి మఫ్‌లు సిగ్గుపడకుండా పెట్టండి, హార్డ్‌వేర్ షాపులో పనివాళ్ళకు అమ్మేవి కూడా పనికొస్తాయి.

మెల్లగా అలవాటు చెయ్యడంలో ఒక్క నియమం, మోసం చెయ్యకూడదు. మా వాడికి ఆరేళ్ళప్పుడు ఒక సెంటర్లో బెలూన్ల భయం పోగొడతామని చెప్పి, మాకు తెలీకుండా గదిలో తలుపేసి బెలూన్లు పగలగొట్టారు. తర్వాత ఆరు నెలలు ఆ వీధి వైపు ఆటో తిరిగితే చాలు, దూకెయ్యబోయేవాడు. ప్రతి మెట్టూ వాడికి ముందే చూపించాలి, ఆపమంటే ఆపాలి, గుబులు హలసూరు దగ్గర ఉండగానే మొదలుపెట్టి అది తగ్గేదాకా అక్కడే ఉండి రావాలి. ఎంజీ రోడ్ దగ్గర పారిపోయి వస్తే, పారిపోవడమే మందు అని వాడు నేర్చుకుంటాడు.

ఇప్పుడు మీ వ్యాన్. మొదటి వారం మీరే స్కూటీ మీద దింపండి. దీనివల్ల మీకు ఒక పెద్ద విషయం తెలుస్తుంది. మీతో హాయిగా వెళ్ళిపోతే భయం వ్యాన్‌దే, స్కూలుది కాదు. మీతో కూడా గేటు దగ్గర బిగుసుకుపోతే గనక వ్యాన్ వంక మాత్రమే, లోపల ఏదో జరుగుతోంది, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో, టీచర్ మారారేమో, ఏదైనా పీరియడ్ వాడికి నరకంగా ఉందేమో వెతకాలి. వెనక సీటు పిల్లాడు గిచ్చుతున్నాడని చెప్పలేక ఒక అబ్బాయి మూడు నెలలు వ్యాన్ రంగు బాలేదని ఏడ్చాడు, నేను చూశాను.

వ్యాన్ మాత్రమే అయితే స్కూలుకు దింపడం కొనసాగిస్తూనే సాయంత్రాలు వేరేగా వ్యాన్ సాధన చేయించండి. ఒకరోజు ఆగి ఉన్న వ్యాన్ చుట్టూ తిరిగి రావడం. ఇంకోరోజు ఎక్కి మీ పక్కన కూర్చోవడం, ఇంజన్ ఆపే ఉంచాలి. తర్వాత వీధి చివరిదాకా. తర్వాత చివరి రెండు స్టాపులు వ్యాన్‌లో, మిగతా దారి మీతో. డ్రైవర్లకు ఓపిక ఉండదంటారు కానీ అడిగి చూస్తే చాలామంది చేస్తారు, కన్నడలో రెండు ముక్కలు నేర్చుకుని అడిగితే ఇంకా తొందరగా చేస్తారు.

ఇవన్నీ నడుస్తుండగా, ఇందాక అన్నాను కదా, తెలియకపోవడాన్ని కూడా అలవాటు చెయ్యాలని. దానికి మా ఇంట్లో ప్రశ్న గుర్తు కార్డు ఉండేది. రోజు పట్టికలో అన్నీ రాసి ఒక్కచోట మాత్రం ప్రశ్న గుర్తు పెట్టాలి. మొదట సాయంత్రం తినే చోట, అది దోసో బిస్కెట్టో, ఏదొచ్చినా వాడికి ఇష్టమైనదే రావాలి. తెలియకపోవడం అంటే చెడ్డదే అని వాడి బుర్రలో ఉన్న లెక్క అలా మెల్లగా మారుతుంది. రెండు మూడు వారాలయ్యాక మంచీ చెడూ కానివి, ఏ చొక్కా, ఏ దారి. చివరికి కాస్త ఇష్టం లేనివి. మా వాడు మొదటిరోజు ఆ కార్డును మూడో అంతస్తు కిటికీలోంచి పడేశాడు, కింద ఇంటి ఆవిడ తెచ్చిచ్చింది. కొన్ని నెలలకు వాడే ఆదివారం పట్టికలో రెండు ప్రశ్న గుర్తులు పెట్టడం మొదలెట్టాడు. కరెంటు పోవడం, లిఫ్ట్ ఆగడం, నీళ్ళ ట్యాంకర్ రాకపోవడం, బెంగళూరులో ఉంటే ఇవి ఎలాగూ తప్పవు, వీటికి "ఇలా అయితే ఇలా చేస్తాం" అని ముందే ఒక్కో అట్ట రాసి పెట్టుకోండి.

ఇంత చేసినా ఒక్కోరోజు తలకిందులవుతుంది. అప్పుడు మాటలు పని చెయ్యవు. ఎందుకు, ఏమైంది అని అడక్కండి, కళ్ళలోకి చూడమనకండి, ఫోన్‌లో వీడియో తియ్యకండి, చుట్టాలెవరైనా తీస్తే లాక్కోండి. లైటు తగ్గించండి, తల తగిలే వస్తువులు జరపండి, మీరు దగ్గర్లో కింద కూర్చోండి. అయిపోయాక నీళ్ళు ఇవ్వండి, క్లాసు పీకకండి. కనీసం గంట తర్వాత, బొమ్మలేసి మాట్లాడుకోవచ్చు.

స్కూలుతో మెయిల్ ద్వారానే మాట్లాడండి, నోటి మాట నిలవదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్ళు పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చెయ్యాలని దాని 16వ సెక్షన్ చెప్తుంది. బెదిరించడానికి కాదు, మీరు దయ అడగడం లేదని మీకే గుర్తుండటానికి చెప్తున్నా. చిన్నవే అడగండి. బయటికెళ్ళడానికి ఒక కార్డు, టీచర్ రాని రోజు పొద్దున్నే ఒక మెసేజ్, ఫైర్ డ్రిల్ ముందురోజే చెప్పడం, యాన్యువల్ డే రిహార్సల్‌లో చివర నిలబడే వీలు.

మీ ప్రశ్నలో లేదు గానీ చివర్లో రాశారు, థెరపీలో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారని. ఈ మాట బెంగళూరులో ప్రతి తెలుగు తల్లికీ ఎవరో ఒకరు చెప్తారు. రెండు భాషల మధ్య పెరిగితే ఆటిజం పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయని పరిశోధనల్లో తేలలేదు. గుబులు, దిగులు, బెంగ, కంగారు, ఇవి మీ నోటి నుంచి తెలుగులో వస్తేనే వాడికి అందుతాయి. వచ్చీరాని ఇంగ్లీషులో ఓదార్చే అమ్మ సగం అమ్మే అవుతుంది. తెలుగులోనే మాట్లాడండి. థెరపిస్టు స్పెషల్ ఎడ్యుకేటరో క్లినికల్ సైకాలజిస్టో అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

స్కూలు మాన్పించాలా? వద్దు. ఒక్కరోజు మానితే ఆ రోజుకు హాయి, రెండో రోజు వెళ్ళడం రెండింతలు కష్టం, నెల మానితే కొండ. మరీ కష్టంగా ఉంటే కొన్నాళ్ళు ఒంటిపూట బడికి స్కూలువాళ్ళను ఒప్పించండి, కానీ రోజూ గేటు దాటాలి.

మందు విషయం. ఆటిజం పిల్లల ఆందోళనకని ప్రత్యేకంగా మందంటూ లేదు. ఫ్లుఒక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి పిల్లల సైకియాట్రిస్టులు కొన్నిసార్లు రాస్తారు. మామూలు పిల్లల ఆందోళనకు వాటికున్నంత ఆధారం ఈ పిల్లల్లో లేదు, కొందరికి చిరాకు, నిద్రలేమి, ఒకచోట నిలవలేకపోవడం పెరుగుతాయి, అందుకే చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా వెళ్తారు. రిస్పెరిడోన్ అనేది వేరు, అది విపరీతమైన చిరాకుకు, తనను తాను గాయపరుచుకోవడానికి ఇస్తారు, బరువు బాగా పెరుగుతారు, ఆందోళన మందు కాదది. కానీ మందు పాపం కాదు. తిండి, నిద్ర పోయి, ఒంటికి గాయాలవుతూ, నేను చెప్పినవేవీ మొదలుపెట్టడానికే వీల్లేనంతగా ఉంటే మందు ఆ వీలు కల్పిస్తుంది, మా వాడూ 13వ ఏట ఏడాదిన్నర వాడాడు. మీ వాడి వయసుకి, వాడికొచ్చిన మాటలకి, బొమ్మలతో, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టుకుని చేసే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మెల్లగా మార్చే మాటల చికిత్స) ముందు ప్రయత్నించదగ్గది. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. రోజంతా పడుతుంది, మఫ్, నీళ్ళు, మెట్రో మ్యాప్ తీసుకెళ్ళండి. మాటలు ఉన్నట్టుండి తగ్గిపోయినా, మనిషి బిగుసుకుపోయి కదలకుండా ఉంటున్నా, శూన్యంలోకి చూస్తూ పిలిస్తే పలకకపోయినా ఆగకుండా వెంటనే వెళ్ళండి. పక్కింటివాళ్ళ పిల్లాడికి రాసిన మందూ, నిద్రకని దగ్గు సిరప్పూ మాత్రం వద్దు.

అత్తగారు దిష్టి తీస్తే తియ్యనివ్వండి, ఎర్రనీళ్ళు వాడి ముఖం మీద పడకుండా చూసుకుంటే చాలు.

ఈ ఆదివారమే ఆ డ్రైవర్‌ని కలిసి ఒక ఫోటో తీసుకోండి, ఫ్రిజ్ మీద అట్ట పక్కన పెట్టడానికి. ఆదివారం బట్టల్లో కాకుండా రోజూ బండి నడిపేటప్పుడు వేసుకునే ఖాకీ చొక్కాలోనే తీయండి. మా వాడు అప్పట్లో చొక్కా మారితే మనిషి మారాడనుకునేవాడు, రెండు వారాల కష్టం ఒక గళ్ళ చొక్కా వల్ల పోయింది.